బస్తరు సంతలో బలమైన ఆహారము

బస్తరు గ్రామములలో అంగడి యనగా ముఖ్యముగా వారపు సంతయే. తోకపాల్, లోహండిగూడ, దర్భా వంటి చోట్ల సంతనాడు చుట్టుప్రక్కల స్త్రీలు గంపలు తలకెత్తుకొని నడచివచ్చి, చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు అమ్మి, ఉప్పు, నూనె, సబ్బు కొనుక్కొని సాయంకాలమునకు ఇండ్లు చేరుదురు. అడవిలో దొరకనిది ఉప్పు. ఈ అవసరమును కనిపెట్టిన వర్తకులు ఒకప్పుడు ఉప్పు కొలిచి యిచ్చి, అంతే సారపప్పు కొలుచుకొనెడివారు. పట్టణములలో సారపప్పు ఏ ధర పలుకునో మిఠాయి చేయువారికి తెలియును. నూనెయు మాంసకృత్తులును గల పప్పు ఇల్లు విడిచిపోగా, దాని స్థానమున వచ్చినది ఉప్పు మాత్రమే.

ఇంటిల్లిపాది ఏమి తినవలెనో చాలవరకు అంగడియే నిర్ణయించుచున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 60.8 మందికి, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67.2 మందికి రక్తహీనత కలదు.

ఈ స్థితిని చక్కబెట్టుటకు ఆ రాష్ట్రము చౌకధరల దుకాణమును సాధనముగా గైకొన్నది. 2004లో ప్రైవేటు డీలర్లను తొలగించి, దుకాణములను గ్రామపంచాయతీలకు, సహకార సంఘములకు, మహిళా బృందములకు అప్పగించిరి. 2012 నాటి ఆహారభద్రతా చట్టము గిరిజన ప్రాంతములలో కిలో 5 రూపాయలకు సెనగలు నిర్దేశించినది. 2020లో బస్తరు డివిజనులోని ఏడు జిల్లాలలోను పేద కుటుంబమునకు నెలకు 2 కిలోల బెల్లము, కిలో 17 రూపాయల చొప్పున ఇచ్చుట ప్రారంభమైనది.

ఇందొక విషయము గమనింపదగినది. పూర్వము దుకాణదారునకు క్వింటాలునకు ముట్టిన కమీషను 8 రూపాయలు. దానితో దుకాణపు అద్దెయైనను గడవదు. కావున ధాన్యము ప్రక్కదారి పట్టుచుండెను. సంస్కరణల కాలమున దానిని 30 రూపాయలు చేసిరి. మంచి ఆహారము అమ్మువాడు ఆ అమ్మకము మీదనే బ్రతుకగలుగవలెను. ఇది ప్రభుత్వ దుకాణమునకెంతయో, వీధిచివరి కిరాణా కొట్టునకును అంతే.

బెల్లమును గూర్చి అతిశయోక్తులు వినవచ్చుచుండును. అందు ఇనుము లేకపోలేదు గాని అధికముగా లేదు. ఎంతైనను అది చక్కెర జాతిదే. సెనగలతో కలిపి మితముగా తినుట మంచిది. ఉసిరికాయగాని నిమ్మరసముగాని తోడైనచో ఇనుము ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో తగ్గును. మలేరియా వలనను, సికిల్ సెల్ వ్యాధి వలనను కలిగిన రక్తహీనత బెల్లముతో మానదు. బస్తరులో ఈ రెండును ఉన్నవి. కావున రక్తపరీక్ష చేయించుకొనుట తప్పనిసరి.

ఇక కిరాణా కొట్టు. గుమ్మమునకు దండలుగా వ్రేలాడు వేపుడు చిరుతిండి పొట్లములకు కొట్టువానిని నిందించి ప్రయోజనము లేదు. అవి చెడిపోవు, తూచనక్కరలేదు, పిల్లవాని చేతిలోని 5 రూపాయలకు సరిపోవును. అట్లే వేయించిన సెనగలను, వేరుసెనగలను చిన్న బెల్లపుముక్కతో చేర్చి, 5 రూపాయల పొట్లములు కట్టి అదే దండన వ్రేలాడదీయవలెను. డబ్బాలో మూతబెట్టి మూలనుంచిన వస్తువును ఏ పిల్లవాడును అడుగడు. గ్రుడ్లను ఇద్దరు ముగ్గురు కొట్లవారు కలసి కొన్నచో ధరయు బండిఖర్చును తగ్గును. విడిగా ఒక్కొక్కటి అమ్మవచ్చును. చోళ్ళను గింజలుగానే నిలువచేసి, పిండిని వారమునకు సరిపడునంతయే పట్టించవలెను. బస్తరువారి మండియా పేజ్ అను అంబలి ఈ చోళ్ళతో కాచునదే. మరపట్టిన బియ్యము 100 గ్రాములలో కాల్షియము 10 మిల్లీగ్రాముల ప్రాంతమున ఉండగా, చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉండును.

ఇందును ఒక చిక్కు కలదు. 2021లో ప్రారంభమైన చిరుధాన్యముల పథకము క్రింద అరికలకు, సామలకు క్వింటాలుకు 3000 రూపాయల మద్దతుధర ప్రకటించిరి. రైతునకు లాభమే. కాని పండినదంతయు అమ్మి ఇంట బియ్యము మాత్రమే వండుకొన్నచో, సారపప్పు కథ మరల మొదలగును. గ్రామ మహిళా బృందము పంటకాలముననే కొంత ధాన్యము కొని ఊరి కొట్టులో నిలువయుంచినచో, రవాణా ఖర్చు లేకుండ అక్కడివారికే చౌకగా దొరకును.

ఉప్పు విషయమున జాగ్రత్త యవసరము. అయోడిను లేని ఉప్పును ఆహారమునకై అమ్ముట 2006 నుండి నిషిద్ధము. బస్తాను ఎండలోను తేమనేలపైను ఉంచినచో అయోడిను నశించును. బల్లపై, నీడలో ఉంచవలెను. సంతలో బజ్జీలు వేయువారు ఒకే నూనెను మరల మరల కాచరాదు.

శబరి యొడ్డున ఉన్న కోంటలోను, భోపాల్‌పట్నంలోను తెలుగు మాటాడువారు అనేకులు కలరు. అట్టిచోట కొట్టుపలకపై పోషకాహారమని వ్రాసిన ఎవ్వరును ఆగరు. చోళ్ళు, సెనగలు, గ్రుడ్లు అని వాడుకపేర్లు, ప్రక్కన ధర వ్రాయవలెను. గ్రుడ్ల అట్ట ఎన్ని దినములలో అమ్ముడైనదో గోడపై సుద్దతో గీతలు గీచుకొన్నచో, వచ్చు సంతకు ఎన్ని తేవలెనో కొట్టువానికి తెలియును.