మీది ఫోర్డా... హోల్డెనా?

సంబంధం కలుపుకొనేముందు అబ్బాయి ఏం చదివాడు, ఎంత సంపాదిస్తున్నాడు, ముందూవెనకా ఏమాత్రం ఉంది... అని ఆరా తీయడం మనకు మామూలే. ఆస్ట్రేలియా పల్లెల్లో అయితే కొన్ని దశాబ్దాలపాటు ఇంకో ప్రశ్న కూడా వినిపించేది. 'ఇంతకీ మీ ఇంట్లో ఏ బండి? ఫోర్డా, హోల్డెనా?' జవాబు తేడాగా వచ్చినంత మాత్రాన పెళ్లి ఆగిపోదు. కానీ ఆ కొత్తల్లుడికి అత్తారింట్లో జీవితాంతం ఆటపట్టింపులు తప్పవు!

ఒకే ఇంట్లో అన్న ఎన్టీఆర్ అభిమాని, తమ్ముడు ఏఎన్నార్ అభిమాని అయితే ఎంత సందడో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ ఆ సందడంతా బండ్ల విషయంలో. మరీ ముఖ్యంగా రైతుల ఇళ్లలో అయితే 'యూట్' గురించి. ముందు సగం కారులా, వెనక సగం సామాను వేసుకునే తొట్టిలా ఉండే పికప్ బండిని ఆస్ట్రేలియన్లు ముద్దుగా పిలుచుకునే పేరది.

చర్చికీ... సంతకీ!

యూట్ పుట్టుక వెనక ఓ ఇల్లాలి ఉత్తరం ఉందంటారు. 1932లో విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌ల్యాండ్ ప్రాంతానికి చెందిన ఓ రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి లేఖ రాసిందట. ఆదివారం వానలో తడవకుండా చర్చికి వెళ్లాలి. సోమవారం పందుల్ని సంతకు తీసుకెళ్లాలి. రెండు బండ్లు కొనే స్తోమత లేదు. రెండు పనులకూ ఒకే బండి చేసిపెట్టరూ... అన్నది ఆమె కోరిక. జిలాంగ్ ఫ్యాక్టరీలోని లూ బాండ్ట్ అనే కుర్ర డిజైనర్ ఆ పని నెత్తినేసుకున్నాడు. 1934లో యూట్ రోడ్డెక్కింది.

హోల్డెన్‌ది మరో కథ. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనులు చేసే దుకాణంగా మొదలై, తర్వాత కార్ల బాడీలు తయారుచేసే స్థాయికి ఎదిగింది. 1931లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. 1948 నవంబరు 29న అప్పటి ప్రధాని బెన్ చిఫ్లీ హోల్డెన్ కారును ఆవిష్కరిస్తే, దేశమంతా అది తమ సొంత కారని పొంగిపోయింది. 1951లో అందులోనూ యూట్ వచ్చింది. 1960లో ఫోర్డ్ నుంచి ఫాల్కన్, మరుసటి ఏడాది ఫాల్కన్ యూట్ దిగాయి. ఇక చూస్కోండి... ఇంటింటా రెండు జట్లు!

నాన్న చేతి పానా

నిజానికి రెండు బండ్ల మధ్యా తేడా అంతంతమాత్రమే. మరి అంత పట్టుదల ఎందుకంటే... ఊరికి ఆమడదూరంలో ఉండే పొలాల్లో బండి ఆగిపోతే మెకానిక్ కోసం కాచుక్కూర్చోవడం కుదరదు. తండ్రి బానెట్ ఎత్తి రిపేరు మొదలుపెడితే పక్కన నిలబడి పానాలు అందించేది కొడుకే. ఏ ఇంజిన్‌ని చూస్తూ పెరిగాడో దానిమీదే గురి. పైగా పాత బండి విడిభాగాలు షెడ్డులో సిద్ధంగా ఉంటాయాయె. అలా ఇంటిపేరుతో పాటు బండి పేరూ వారసత్వంగా వచ్చేది. అమ్మ పుట్టింటివాళ్లది వేరే బండి అయితే మేనమామలు ఓ జట్టు, బాబాయిలు మరో జట్టు.

ఫోర్డ్ పేరులోని నాలుగు ఇంగ్లిషు అక్షరాలకూ 'దారిలో చచ్చి పడి ఉన్నది' అని అర్థం చెప్పి వీళ్లు వెక్కిరిస్తే, 'పోయినసారి మీ హోల్డెన్‌కి తాడుకట్టి ఇంటికి లాక్కొచ్చింది ఆ చచ్చిన బండే' అని వాళ్లు తిప్పికొట్టేవారు.

కొండమీద యుద్ధం

ఈ వాదులాటకు ఏటా అక్టోబరులో పెద్ద పండగొచ్చేది. న్యూసౌత్‌వేల్స్‌లోని బాథర్స్ట్ దగ్గర మౌంట్ పనోరమా కొండమీద జరిగే వెయ్యి కిలోమీటర్ల కారు పందెం అది. మొత్తం 161 చుట్లు. టీవీ ముందు ఓ సోఫాలో నీలం చొక్కాల ఫోర్డ్ జట్టు, ఎదురుగా ఎర్రచొక్కాల హోల్డెన్ జట్టు. ఆ పందేన్ని తొమ్మిదిసార్లు గెలిచిన పీటర్ బ్రాక్ హోల్డెన్ వాళ్లకు దేవుడు. ఫోర్డ్ వాళ్లకు డిక్ జాన్సన్ ఉన్నాడు. 1980లో అందరికన్నా ముందు దూసుకెళ్తున్న జాన్సన్ కారు దారికడ్డంగా పడి ఉన్న బండరాయిని ఢీకొని నుజ్జయింది. చేతిలో ఉన్నదంతా ఆ కారుకే పెట్టిన అతను టీవీలో కంటతడి పెట్టుకుంటే ప్రేక్షకులు చలించిపోయారు. ఫోన్లు చేసి మరీ విరాళాలు ప్రకటించారు. ఫోర్డ్ కంపెనీ కూడా అంతే మొత్తం కలిపింది. మరుసటి ఏడాది అదే పందెంలో జాన్సన్ గెలిచాడు!

గెలిచినా... ఆనందం లేదు

చిన్న మార్కెట్, పెరిగిన ఖర్చులు, చవగ్గా దిగుమతయ్యే బండ్లు... అన్నీ కలిసి చివరికి రెండు కంపెనీల ఫ్యాక్టరీలకూ తాళాలు వేయించాయి. 2016 అక్టోబరు 7న ఆస్ట్రేలియాలో ఫోర్డ్ తయారీ ఆగిపోయింది. 2017 అక్టోబరు 20న అడిలైడ్ శివార్లలోని ఎలిజబెత్‌లో ఆఖరి హోల్డెన్ బయటికొచ్చింది. ఆరోజు సుమారు 950 మంది కార్మికులు ఉద్యోగాలకు వీడ్కోలు చెప్పారు. తరతరాలుగా ఆ ఫ్యాక్టరీనే నమ్ముకున్న ఊరది. హోల్డెన్ పేరునే ఎత్తేస్తున్నట్లు 2020 ఫిబ్రవరి 17న జనరల్ మోటార్స్ ప్రకటించింది.

ఫోర్డ్ పేరు మాత్రం నిలబడింది. 2023లో ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన బండి ఫోర్డ్ రేంజర్ పికప్పే. దాని డిజైన్‌లో ఆస్ట్రేలియా ఇంజినీర్ల చెయ్యి ఉన్నా, అది తయారై వచ్చేది థాయ్‌లాండ్ నుంచి. లెక్కప్రకారం ఫోర్డ్ జట్టు గెలిచినట్లే. కానీ ఎదుటి సోఫా ఖాళీ అయ్యాక ఎవర్ని చూసి ఈల వేయాలి?

అందుకేనేమో, న్యూసౌత్‌వేల్స్‌లోని డెనిలిక్విన్‌లో 1999లో మొదలైన యూట్‌ల జాతరకు పాత బండ్లను ముస్తాబు చేసి తీసుకొస్తుంటారు అభిమానులు. వాటిలో తాతలనాటి ఫాల్కన్ ఉంటుంది, పక్కనే హోల్డెన్ కూడా ఉంటుంది. వాటి ముందు నిలబడ్డ కుర్రకారును పెద్దవాళ్లు ఆ పాత ప్రశ్నే వేయొచ్చు. కాకపోతే కాస్త మార్చి అడగాలి...

'మీ తాతగారిది ఏ బండి?' అని!