దీపము క్రింద చామంతి

ఓరుగల్లు ప్రాంతమున పూలకు రెండు పండుగ కాలములు. మొదటిది, భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమినాడు సద్దులతో ముగియు బతుకమ్మ. రెండవది కార్తికము. బతుకమ్మకు వెనుకటి దినములలో పెరడు అంతగా అక్కరలేకుండెను. తంగేడు బీళ్లలో తనంత తానే పూచెడిది. గునుగు చేలగట్లమీద పిలువకయే మొలచెడిది. నేడు ఊరిచుట్టు బీళ్లు ఇండ్ల స్థలములైనవి. చేలలో కలుపుమందు చల్లుచున్నారు. గునుగును సైతము అంగడిలో కొని, రంగులలో ముంచి పేర్చుకొను కాలము వచ్చినది. కాని కార్తికమున వేయిస్తంభముల గుడికి కొనిపోవు చామంతి మాత్రము మా ఇంట పెరటి పూవే.

హనుమకొండలోని మా ఇంటి గోడవెంట ఆ చామంతివరుసను వేసినది మా అమ్మ. పూలకారు ముగియగానే ఆమె కొమ్మలను జానెడెత్తున కోయును. మొదట వచ్చిన పిలకలను వేసవియంతయు నీడలో బ్రతికించును. తొలకరి పడిన పిమ్మట వేరుతో విడదీసి, మూరెడు దూరమున ఒక్కొక్కటి నాటును. జానెడు పెరుగగానే తల త్రుంచును. తల త్రుంచిన మొక్క ప్రక్కకొమ్మలు వేయును. కొమ్మ పెరిగినకొలది పూవు పెరుగును. శ్రావణము వచ్చిన పిదప గోరు తాకనీయదు.

ఇక మట్టి సంగతి. మా చెల్కమట్టిలో నీరు నిలువదు. రేగడిలో నీరు దిగదు. కనుక రెండుపాళ్లు చెల్కమట్టి, ఒకపాలు బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి, మడిని బెత్తెడెత్తు లేపవలెను. చామంతి దాహమునకు వాడి మరల లేచును గాని, వేరు కుళ్లినచో లేవదు.

అమ్మ పోయిన సంవత్సరము ఈ పనులన్నియు నేనే చేసితిని. ఒక్క నియమము తప్పలేదు. మొక్కలు నడుమెత్తు పెరిగినవి. ఆకు నల్లగా నిగనిగలాడినది. కార్తిక పౌర్ణమి వచ్చినది. ఒక్క మొగ్గయైన లేదు! ఎరువెక్కువైనదేమో యనుకొంటిని; నీరు తక్కువైనదేమో యనుకొంటిని. తుదకు, అమ్మ చేతి చలువ నాకు రాలేదని మనసు చిన్నబుచ్చుకొంటిని. ఆశ్చర్యమేమనగా, బావిగట్టు చాటున నాటిన నాలుగు మొక్కలు మాత్రము విరగబూచినవి. అవే పిలకలు, అదే మట్టి, అదే చేయి!

పూలకై వచ్చిన పొరుగింటి ముసలమ్మ ఆ వరుసను చూచి, తల యెత్తి గోడమీదుగా చూచినది. ఆ వానకాలముననే వీధిలో క్రొత్తగా దీపస్తంభము వెలసినది.

“రాత్రంత గంత వెలుగుల నిలబెడితె చెట్టు ఎప్పుడు పండుకోవాలె బిడ్డా? నిద్రలేని చెట్టు ఏం పూస్తది?” అన్నది.

ఆమె పలికినది చాదస్తము కాదు. మొక్కలు పగటి నిడివినిబట్టి పూచునని గార్నర్, అల్లార్డు అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించిరి. మొక్క కొలుచునది పగటినికాదు, ఎడతెగని చీకటినని హామ్నర్, బానర్ అనువారు 1938లో తేల్చిరి. చామంతి ఈ తెగలోనిదే. రాత్రి దీర్ఘమైనగాని అది మొగ్గ తొడుగదు. నడుమ వెలుగు పడినచో దానికింకను వేసవియే. జపానులోని అయిచి సీమ రైతులు ఈ మర్మమునెరిగి, రాత్రులందు తోటలలో దీపములు వెలిగించి, చామంతిని తాము కోరిన దినములవరకు పూయకుండ ఆపుదురు. వారు తెలిసి చేయుపనిని మా వీధిదీపము తెలియక చేసినది.

మరుసటి యేడు శ్రావణ పౌర్ణమినుండి ప్రతి సాయంకాలము కర్రలు పాతి, రెండుమడతల గోనెపట్టా మొక్కలమీద కప్పితిని. తెల్లవారగానే తీసితిని. మొగ్గలలో రంగు తేలువరకు ఒక్కపూట మానలేదు. వానలో తడిసిన గోనె బరువు చేతులెరుగును. కార్తికమున వరుస వరుసయంతయు పసుపుపచ్చనయ్యెను. 1163లో రుద్రదేవుడు ప్రతిష్ఠించిన రుద్రేశ్వరుని గుడికి మొదటి దోసిలి చేరినది. రెండవది ముసలమ్మ కొప్పున చేరినది. అమ్మ చేతి చలువయని నేను తలచినదానిలో ఆనాటి వీధి చీకటి పాలును కలదని అప్పుడు తెలిసినది.

ఆ దీపమును తీసివేయుడని నేను కోరను. పొద్దుపోయి ఇల్లు చేరు ఆడుబిడ్డలకు ఆ వెలుగు కావలసినదే. మొక్కకు కావలసిన రాత్రిని మనమే కల్పింపవలెను. పెరటిలో చామంతి పూయలేదని చింతించువారు ఎరువు మార్చుటకు ముందు, ఒకమారు రాత్రివేళ మడియొద్ద నిలిచి చూడుడు. మీ నీడ నేలమీద కనబడినచో, లోపము మీ చేతిలో లేదు.