రెండవ తెర ఏల వెలుగదు?

సెమినారు అనినంతనే నేడు ల్యాప్‌టాప్, దానికి తగిలించు ప్రొజెక్టరు తప్పనిసరి సామగ్రి యైనవి. విద్యార్థి రాత్రి మేలుకొని సిద్ధపరచిన పటములు చిన్న తెరపై చక్కగా కనుపించును. పెద్ద తెరపై మాత్రము ‘సిగ్నల్ లేదు’ అను మాట తేలును. కేబుల్ లాగుట, దూర్చుట, మరల లాగుట జరుగును. అంబర్‌పేట్, ఉప్పల్, నాచారం ప్రాంతముల నుండి వచ్చు మన విద్యార్థులలో పలువురు సెకండ్‌హ్యాండు యంత్రములనే వాడుచున్నారు. మదర్‌బోర్డు పోయినదని ఎవరైన చెప్పినచో వారికది ఒక సెమిస్టరు ఫీజంత దెబ్బ. కాని మేము చూచినంతవరకు ఇట్టి ఫిర్యాదులలో పెక్కింటికి కారణము గ్రాఫిక్స్ డ్రైవరే. దానిని సరిచేయుటకు రూపాయి ఖర్చు లేదు.

డ్రైవరు అనగా బండి తోలువాడని కాక దుబాసీ యని తలచుట మేలు. ఉర్దూ విభాగపు మిత్రులు తర్జుమాన్ అనుకొనవచ్చును. విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ మాట ఒకటి, బొమ్మను గీయు గ్రాఫిక్స్ చిప్పు భాష మరియొకటి. రెంటి నడుమ నిలిచి మాట అందించు ప్రోగ్రామే డ్రైవరు. బయటి తెర తన పరిచయమును ఒక చిన్న మెమరీలో దాచుకొని యుండును. తయారీదారు ఎవరు, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు బొమ్మను చూపగలదు మొదలగు వివరములు అందులో ఉండును. దీనిని ఈడీఐడీ అందురు. దాని మూల భాగము 128 బైట్లు మాత్రమే. కేబుల్ తగిలించగనే ఈ పరిచయ పత్రమును చదివి, ఏ కొలతలో బొమ్మను పంపవలెనో నిర్ణయించుట డ్రైవరు పని. దుబాసీ పొరబడినచో ఇరుపక్షములు ఆరోగ్యముగనే యున్నను సంభాషణ సాగదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అనేక ల్యాప్‌టాపులలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుండును: ప్రాసెసరులోనిది ఒకటి, ఎన్‌విడియా లేక ఏఎండీ వారిది మరియొకటి. కరెంటు పొదుపునకై పనిని బట్టి ఒకదాని నుండి మరియొకదానికి మారు పద్ధతిని ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ అను పేర ప్రవేశపెట్టినది. కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎంఐ సాకెట్ ఈ రెండవ చిప్పుకే కలుపబడి యుండును. అప్పుడు రెండవ చిప్పు డ్రైవరు చెడినచో ల్యాప్‌టాప్ తెర యథాప్రకారము వెలుగును, ప్రొజెక్టరు మాత్రము చీకటిగా ఉండును. చూచువారు సహజముగనే సాకెట్ పోయినదనుకొందురు. (చిత్రమేమనగా, ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎండీ మూటికిని మన నగరపు పడమటి దిక్కున ఇంజనీరింగు కార్యాలయములు కలవు.)

నిన్న పనిచేసిన డ్రైవరు నేడేల చెడును? తరచుగా అప్‌డేట్ వలన. తయారీదారు ఆ మోడలునకై సరిదిద్ది యిచ్చిన డ్రైవరు స్థానమున విండోస్ అప్‌డేట్ వేరొకటి తెచ్చిపెట్టవచ్చును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియుటచే పాత యంత్రములను విండోస్ 11కు మార్చుకొనినవారు దీనిని ప్రత్యేకముగ గమనించవలెను. డ్రైవరు ఆపరేటింగ్ సిస్టమ్ గర్భములో పనిచేయును గనుక దాని తప్పు చిన్నదైనను ఫలితము పెద్దది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్ట్‌వేరు డ్రైవరు లోపముగల ఫైలొకటి చదివినందున, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు నిలిచిపోయినవి. శంషాబాదు విమానాశ్రయమున చేతివ్రాత బోర్డింగు పాసులు ఇయ్యవలసి వచ్చినది. అది గ్రాఫిక్స్ డ్రైవరు కాదు. అయినను అచ్చట కూడ యంత్రములు చెడలేదు, దుబాసీయే చెడినాడు.

ఇక పరీక్షా క్రమము. మొదట విండోస్ మీటతో పాటు పీ నొక్కి ‘డూప్లికేట్’ ఎంచుకొనవలెను. సగము సమస్యలు ఇచ్చటనే తీరినను ఆశ్చర్యము లేదు. పిదప కేబుల్ తగిలించియుంచి యంత్రమును ఆపి మరల వెలిగించవలెను. విండోస్ రాకముందు కనుపించు కంపెనీ ముద్ర ప్రొజెక్టరుపై పడినచో కేబులును సాకెటును నిర్దోషులు; దోషము డ్రైవరుదో విండోస్ అమరికదో అని తెలియును. పడనంత మాత్రమున సాకెట్ పోయినదనరాదు, ఏలయన కొన్ని యంత్రములు ఆ ముద్రను తమ తెరపైననే చూపును. తరువాత విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ అను నాలుగు మీటలను ఒక్కసారి నొక్కినచో తెర ఒక్క క్షణము రెప్పవేయును. గ్రాఫిక్స్ డ్రైవరు తిరిగి మొదలైనదన్నమాట.

అప్పటికిని ఫలితము లేనిచో డివైస్ మేనేజరులో ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ తెరచి చూడవలెను. అచ్చట ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని యున్నచో అసలు దుబాసీ లేడు, తాత్కాలికుడు నెట్టుకొని వచ్చుచున్నాడు. పసుపు ముక్కోణపు గుర్తు కూడ దోష సూచనయే. ఇటీవలి అప్‌డేట్ తరువాత తొందర మొదలైనచో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ వాడి పాతదానికి మరలవలెను. ఆ వీలు లేనిచో ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటులో మోడలు సంఖ్య ననుసరించి డ్రైవరు తెచ్చుకొనవలెను. కొత్తదే మేలైనదను భ్రమ వలదు. బొమ్మ వచ్చి వచ్చి పోవుచున్నచో రిఫ్రెష్ రేటును 60 హెర్ట్జ్‌కు తగ్గించి చూడవచ్చును.

డ్రైవరుపై మోపరాని నేరములును కలవు. ప్రతి యూఎస్‌బీ సీ సాకెట్ బొమ్మను మోయదు. కొన్ని చార్జింగునకు, ఫైళ్లకు మాత్రమే. 1987 నాటి వీజీఏ సాకెట్ మాత్రమే గల పాత ప్రొజెక్టరునకు హెచ్‌డీఎంఐ సిగ్నలును మార్చునట్టి అడాప్టరు కావలెను. ఊరక ఇటు అటు సాకెట్లు గల కేబుల్ చాలదు.

కమిటీ వారికి ఒక విన్నపము. సెమినారు హాలు ల్యాప్‌టాపులో చక్కగా పనిచేయుచున్న డ్రైవరు వెర్షను సంఖ్యను చీటీపై వ్రాసి అడుగున అంటించి, ఆ డ్రైవరు ఫైలును పెన్‌డ్రైవులో భద్రపరచినచో మరునాటి అప్‌డేటుకు భయపడ పనిలేదు. విద్యార్థులు రిపేరు దుకాణమునకు పోకతప్పనిచో, పై పరీక్షలలో ఏది చేసిరో, ఏమి కనుపించెనో కాగితముపై వ్రాసికొని పోవలెను. దుకాణదారుడు మదర్‌బోర్డు మాట ఎత్తుటకు ముందు ఆ కాగితమును అతని ముందుంచవచ్చును.