మాట దాచుకున్న మత్స్యకన్య

పోయిన పీటీఎంలో ఏడో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మగారు ఒక కామిక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "ఇంగ్లిష్ బుక్స్ చదవమంటే ఇది చదువుతోంది మేడమ్, మీరైనా చెప్పండి" అన్నారు. పక్కనే ఆ అమ్మాయి తల దించుకుని నిలబడింది. పుస్తకం తెరవకుండానే "అలాగేనండీ" అనేశాను. తర్వాత ఆ అమ్మాయిని అడిగి ఇంటికి తీసుకెళ్లి చదివాను. చదవకుండా అలా అని ఉండాల్సింది కాదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

పుస్తకం పేరు 'మెర్మెయిడ్ మెలొడీ పిచి పిచి పిచ్'. జపాన్ కామిక్, అంటే మాంగా. కథ మిచికో యొకొటే, బొమ్మలు పింక్ హనమోరి. అమ్మాయిల కోసమే నడిచే 'నకయోషి' అనే మాసపత్రికలో 2002 నుంచి 2005 దాకా వచ్చింది. పుస్తకాలుగా ఏడు భాగాలు. 2006 నుంచి ఇంగ్లిష్‌లోనూ వచ్చాయి.

వెంకటేష్, శిల్పా శెట్టిల 'సాహస వీరుడు సాగర కన్య' మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ కథలో సాగరకన్య పేరు లూసియా. ఉత్తర పసిఫిక్ సముద్రపు రాకుమారి. చిన్నప్పుడు సముద్రంలో మునిగిపోతున్న ఒక అబ్బాయిని కాపాడి, తన గులాబీ రంగు ముత్యాన్ని అతనికిస్తుంది. ఏళ్ల తర్వాత అతన్ని వెతుక్కుంటూ నేల మీదికొచ్చి స్కూల్లో చేరుతుంది. అతను దొరుకుతాడు. కానీ తనను కాపాడిన మత్స్యకన్య ఈమేనని అతనికి తెలియదు. ఈమె చెప్పకూడదు. చెబితే నురగైపోతుంది.

నురగ సంగతి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో రాసిన 'లిటిల్ మెర్మెయిడ్' నుంచి వచ్చింది. అందులో మత్స్యకన్య కాళ్ల కోసం నాలుక కోయించుకుంటుంది. రాకుమారుణ్ణి కాపాడింది తానేనని చెప్పడానికి ఆమెకు గొంతే లేదు. మాంగాలో దీన్ని తిరగేశారు. లూసియాకీ ఆమె స్నేహితురాళ్లకీ గొంతే ఆయుధం. మైకు పట్టుకుని పాడితే శత్రువులు తట్టుకోలేక చెవులు మూసుకుంటారు. అంత గొంతున్న పిల్ల ఒక్క నిజాన్ని మాత్రం నోట్లోనే దాచుకోవాలి. పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయిలకు ఈ కథ ఎందుకు నచ్చుతుందో నాకు అక్కడే అర్థమైంది. మనసులో బోలెడు మాటలు, బయటికి 'ఏం లేదు' అనడం. ఇది మన ఇళ్లలోనూ ఉన్నదే కదండీ!

ఇక టీచరుగా నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ఇలాంటి కామిక్స్‌లో పైకి అన్న మాట బుడగలో ఉంటుంది. మనసులో అనుకున్నది చాలాసార్లు బుడగ బయట ఉంటుంది. ఒకే బొమ్మలో లూసియా నవ్వుతూ ఒకటి అంటుంది, మనసులో ఇంకొకటి అనుకుంటుంది. రెండూ కలిపి చదివితేనే కథ తెలుస్తుంది. కాంప్రహెన్షన్ పేపర్లలో మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, నేరుగా రాయని సంగతిని పట్టుకోవడంలో.

లోపాలూ ఉన్నాయి. కథంతా ప్రేమే. చదువు ఊసు ఎక్కడో గానీ రాదు. ఆ అబ్బాయి మీద అంత బెంగ అవసరమా అని నాకే విసుగొచ్చింది. ఏడో తరగతి కన్నా చిన్న పిల్లలకైతే నేను ఇవ్వను.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆ అమ్మాయిని అడిగాను: "లూసియా అతనికి నిజం చెప్పేస్తే బాగుండేదా?" క్లాసులో నోరు విప్పని పిల్ల ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చెప్పింది. రెండు చోట్ల టెన్స్ తప్పింది. నేను సరిదిద్దలేదు.

వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి, పుస్తకం తీసేయొద్దని, వీలైతే మొదటి భాగం తనతో కలిసి చదవమని చెప్పాను. మీరూ ప్రయత్నిస్తానంటే ఒక చిన్న విషయం. ఇది జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చదవాలి. మనకు వెనక అట్ట అనిపించే వైపు నుంచి తెరవండి. తికమకైతే మీ అమ్మాయినే అడగండి, చూపిస్తుంది.