వేసవి సెలవులలో సైకిలు బిడారు

ఏప్రిల్ నెల నాలుగవ వారము దాటినంతనే మన పల్లెటూళ్ల బడులకు తాళములు పడును. జూన్ రెండవ వారము వరకు వానిని తీయువారుండరు. ఆఖరిరోజున నల్లబల్లపై వ్రాసిన తేదీ చెరగక అట్లే నిలిచియుండును. ఆవరణలో చెట్లనీడ ఉన్నది, నీరు ఉన్నది, గాలి వెలుతురు గల గదులున్నవి. లేనిది పిల్లలే. వారు ఇండ్లలో పంకా క్రింద పరుండి, చేతిలోని ఫోనులో ఎక్కడెక్కడి దేశములనో చూచుచుందురు. చెరుకుపల్లి చుట్టుప్రక్కల ఏ బడిలోనైనను పదవ తరగతి పిల్లలను అడిగి చూడుడు: భట్టిప్రోలు దిబ్బను, పెనుమూడి రేవును, నిజాంపట్నపు మడ అడవిని తమ కన్నులతో చూచినవారెందరు? లేచిన చేతులను లెక్కించుటకు ఎంతోసేపు పట్టదు.

ఒకవంక బడి వ్యర్థముగా పడియున్నది. మరొకవంక బాల్యము వ్యర్థమగుచున్నది. ఈ రెండు నష్టములకును ఒకే మందు కలదు. పది పదునైదుగురు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు, తలకొక సైకిలు, అయిదు దినముల కాలము, రాత్రికి బసగా మూతపడిన ఏదో ఒక ఊరి బడి. ఇంతకు మించి కావలసినది లేదు. ఇది వట్టి ఊహయు కాదు. నూరేండ్లకు పూర్వమే ఒక బడిపంతులు దీనిని చేసి చూపెను.

జర్మనీ దేశమున ఆల్టెనా అను పట్టణములో రిచర్డ్ షిర్మన్ అను ఉపాధ్యాయుడుండెను. నాలుగు గోడల నడుమ చెప్పు పాఠముతో ఆయనకు తృప్తి లేదు. పిల్లలను వెంటబెట్టుకొని పల్లెలవెంట నడిపించుచు పాఠము చెప్పెడివాడు. 1909వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన అట్లు కాలినడకన పోవుచుండగా పెద్ద గాలివాన క్రమ్ముకొనెను. తుదకొక పల్లెలోని బడి వారికి ఆశ్రయమిచ్చెను. నేలపై గడ్డి పరచుకొని పిల్లలు నిదురించిరి గాని పంతులుగారికి నిద్రపట్టలేదు. సెలవులలో దేశమందలి బడులన్నియు ఖాళీగా ఉండగా, ఒక్కొక్క దినపు నడకకు ఒక్కొక్క బడి చొప్పున బాలయాత్రికులకు బస ఏల కాగూడదని ఆయనకు తోచెను. ఆ ఆలోచన నుండియే 1912లో ఆల్టెనా కోటలో మొదటి యువజన వసతిగృహము పుట్టెను. 1932 నాటికి అట్టి గృహములకు ఒక అంతర్జాతీయ సమాఖ్యయే ఏర్పడెను. నేడు మన దేశమందును యూత్ హాస్టళ్లు ఉన్నవి. వానికన్నిటికిని మూలము వానలో తడిసిన పిల్లలకు తలుపు తీసిన ఒక పల్లెటూరి బడి.

విద్య కదలి పోవలెనను భావము మన సీమకు క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవలో నింపి, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలపై ఊరూరికిని గ్రంథాలయమును నడపిరి. నాడు గ్రంథములు పాఠకుల యొద్దకు ప్రయాణము చేసినవి. నేడు పాఠకులే తమ సీమ యొద్దకు ప్రయాణము చేయవలసియున్నది.

అందుకు సైకిలును మించిన వాహనము లేదు. దానిని పేదవాని బండియని చిన్నచూపు చూడరాదు. 1923వ సంవత్సరము అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్లపై లోకయాత్రకు బయలుదేరిరి. వారిలో అది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అను మువ్వురు ఎడారులను, మంచుదారులను దాటి, భూగోళమును చుట్టి 1928లో ఇల్లు చేరిరి. మన పిల్లలకు భూగోళమంతయు అక్కరలేదు. రేపల్లె, బాపట్ల, పొన్నూరు చుట్టి వచ్చిన చాలును.

చెరుకుపల్లి ఈ యాత్రకు కుదిరిన కేంద్రము. నేల బల్లపరుపుగా ఉన్నది. కొండలేదు, ఎగుడులేదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట ముగిసిన పిమ్మట, 1957 నుండి ప్రకాశం బ్యారేజి ద్వారా, కృష్ణ నీరు ఈ పొలములను తడుపుచున్నది. కాలువగట్ల వెంట ఊరికి ఊరు దగ్గర. ఏ దిక్కునకు పోయినను గంటలోపల ఒక బడియు, ఒక దుకాణమును, మజ్జిగ ఇచ్చు ఇల్లును దొరకును. క్రింద వ్రాయు చుట్టు మొత్తము సుమారు 150 కిలోమీటర్లు. అనగా దినమునకు 30. పదమూడేండ్ల బాలుడు తాపీగా తొక్కినను మూడు గంటల పని.

మొదటి దినమున చెరుకుపల్లి మండలములోనిదే అయిన కావూరు చూడవలెను. మహాత్మకథ కావ్యమునకు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందిన తుమ్మల సీతారామమూర్తిగారు పుట్టిన ఊరిది. గొల్లపూడి సీతారామశాస్త్రిగారు వినయాశ్రమమును నెలకొల్పినదియు ఇచ్చటనే. స్వామి సీతారాం అను పేరుతో ఆయన ఆంధ్రరాష్ట్రము కొరకు 1951లో 35 దినములు నిరశనవ్రతము పూనిరి. పాఠ్యపుస్తకములో ఒక పంక్తిగా కనబడు మనుష్యుడు మన ప్రక్క ఊరిలో తిరుగాడినవాడని తెలిసినప్పుడు పిల్లవానికి చరిత్ర దగ్గర చుట్టమగును.

అచ్చటి నుండి సాయంకాలమునకు భట్టిప్రోలు చేరవచ్చును. 1892లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు పరిశోధకుడు ఇచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించగా శాసనములు చెక్కిన మూడు రాతి పేటికలు బయల్పడెను. వానిలో కుబీరకుడను రాజు పేరున్నది. ఆ శాసనముల లిపి క్రీస్తుపూర్వపుది. మన తెలుగు అక్షరముల పూర్వరూపములను వెదకు పండితులందరును ఆ లిపి వద్ద ఆగవలసినదే. ప్రొద్దుగ్రుంకువేళ ఆ ఇటుకల దిబ్బ ప్రక్కన కూర్చుండి, మొదట "అ" దిద్దిన చేయి ఏదియో యని పిల్లలు తలపోసినచో, ఆనాటికి వేరు పాఠము అక్కరలేదు.

రెండవ దినము రేపల్లె మీదుగా పెనుమూడి రేవు. కృష్ణ ఇచ్చట సముద్రమునకు సమీపించును. ఆవలి ఒడ్డు పులిగడ్డ, దివిసీమ. వంతెన లేని కాలమున ఈ రేవులో పడవ దాటవలసియుండెను. రాత్రికి రేపల్లెలో బస. ఎవరికైన అస్వస్థత కలిగినచో రేపల్లె నుండి తెనాలికి రైలు కలదు. ప్రణాళిక వేయువారు ఇట్టి తిరుగుదారులను కూడ ముందుగనే గుర్తించుకొనవలెను.

మూడవ దినము నిజాంపట్నము. పూర్వము పెద్దపల్లి యని పేరొందిన ఈ రేవునకు 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకమునకై వచ్చిరి. నేడు చేపల పడవల రేవు. చుట్టును మడ అడవులు. ఉప్పునీటిలో వేళ్లూని, అలల తాకిడిని, తుఫాను గాలిని కొంత తాము కాచుకొని, వెనుకనున్న ఊళ్లను కాపాడు చెట్లవి. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెన దివిసీమను ముంచినది. ఈ తీరమును కూడ విడువలేదు. ఆ పిమ్మట తీరగ్రామములలో కట్టిన తుఫాను ఆశ్రయములలో పెక్కు నేడు బడులుగా నడచుచున్నవి. అట్టి దానిలో ఒక రాత్రి బస చేసి, ఊరి పెద్దవారినొకరిని పిలిచి ఆ రాత్రి కథ చెప్పించవలెను. ఏ గ్రంథమును అంత చక్కగా చెప్పలేదు.

నాలుగవ దినము కర్లపాలెము మీదుగా బాపట్ల. 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాలయు, భావనారాయణస్వామి ఆలయమును చూచి, సాయంకాలము తొమ్మిది కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంక తీరమునకు పోవచ్చును. అయిదవ దినమున పొన్నూరు మీదుగా ఇల్లు చేరుట.

ఇంతవరకు వ్రాసినది చదివి తల్లిదండ్రులు కొందరు గుండెలు పట్టుకొందురు. మండుటెండలు, లారీల దారి, సముద్రము! వారి భయము సహేతుకమైనదే. దానిని నవ్వి త్రోసివేయు ఉపాధ్యాయుడు పిల్లలను వెంట తీసికొనిపోవ తగినవాడు కాడు. కావున ఒక్కొక్కదానికి సమాధానము చెప్పుకొందము.

ఎండ మొదటి శత్రువు. రోహిణీకార్తెకు ముందే యాత్ర ముగించవలెను. వేకువ అయిదున్నరకు బయలుదేరి ఎనిమిదిన్నరకు బస చేరవలెను. మరల నాలుగున్నర దాటిన గాని సైకిలు ముట్టరాదు. నడుమ సమయము వంటకు, నిద్రకు, చదువునకు. దప్పిక కాకమునుపే నీరు త్రాగవలెను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలిపిన పానీయము ప్రతి జట్టు వద్దను సిద్ధముగా ఉండవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను; ఉప్పు ఎక్కువయినచో కీడు. చెమట ఆగి, ఒళ్లు కాలి, మాట తడబడిన పిల్లవానిని నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి విసరుచు, వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. అట్టివానికి బలవంతముగా నీరు త్రాగించరాదు.

దారి రెండవది. రేపల్లె, బాపట్లల నడుమ 216వ జాతీయ రహదారిపై బండ్ల రద్దీ హెచ్చు. వీలైనంతవరకు పల్లెదారులనే పట్టవలెను. ఒకరి వెనుక ఒకరు, రెండు సైకిళ్ల ఎడముతో పోవలెను. ముందొక ఉపాధ్యాయుడు, చివర ఒక ఉపాధ్యాయుడు ఉండవలెను. చీకటిలో ప్రయాణము కూడదు. జట్టుకు ఒక గాలిపంపు, రెండు ట్యూబులు, పంచరు సామాను, ఒక స్పానరు చాలును. పంచరు వేయుట ప్రతి పిల్లవానికిని బయలుదేరుటకు ముందే నేర్పవలెను.

సముద్రము మూడవది, అన్నిటికంటె కఠినమైనది. సూర్యలంకలో స్నానమునకు దిగి ప్రాణములు కోల్పోయినవారున్నారు. మోకాలి లోతు దాటరాదు. ఈతగాడు కాపలా లేనిచోట అదియు కూడదు. ఈ నియమమును మీరిన వాని యాత్ర అచ్చటనే ముగియునని ముందుగా చెప్పవలెను. చెప్పినట్లు చేయవలెను.

ఇక యాత్ర పొడవునను నేర్పవలసిన పెద్దపాఠము వేగమునకు సంబంధించినది. అందరికంటె మెల్లగా తొక్కువాని వేగమే జట్టు వేగము. బలము గలవాడు చివర ఉండి, అలసినవాని మూటను తన సైకిలుపై వేసికొనవలెను. తరగతిలో మొదటి ర్యాంకు కొరకు పరుగెత్తుట నేర్చిన పిల్లవానికి ఇది క్రొత్త శాస్త్రము. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ దీవిలో మొదటి బాలచర శిబిరమును నడపినప్పుడు ధనికుల పిల్లలను, శ్రామికుల పిల్లలను కలిపి ఒకే గుడారములలో ఉంచెను. మన బిడారులోను అంతే. వంట వంతులవారీగా అందరును చేయవలెను, అంట్లు అందరును తోమవలెను, ఒకే పంక్తిని కూర్చుండి తినవలెను. ఊరిలో ఎవరిది ఏ వీధి అన్న మాట బడి గుమ్మము వద్దనే ఆగిపోవలెను.

ఆడపిల్లల మాట ఏమి? సైకిలు వారికి తెలియని వస్తువు కాదు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991, 92 సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమము వేలకొలది స్త్రీలకు చదువుతో పాటు సైకిలు కూడ నేర్పెను. 2006లో బీహారు ప్రభుత్వము ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లకై సొమ్ము ఇచ్చు పథకమును తెచ్చెను. మన రాష్ట్రమునను 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు ఇచ్చిరి. కాని ఆ సైకిలుకు మనము గీచిన గీత ఇల్లు, బడి. అంతే. బడి ముగిసిన నాడు అది వసారాలో గోడకు చేరగిలబడును. ఒక ఉపాధ్యాయిని తోడుగా, వేరు గదిలో బసతో, తల్లుల అంగీకారముతో బాలికల జట్టు ఒకటి బయలుదేరినచో ఆ గీత కొంత చెరగును. మొదటి యేడు రెండు దినముల యాత్రయైనను చాలును.

వ్యయము స్వల్పము. బియ్యము, పప్పు, ఊరగాయ ఇంటినుండి తెచ్చుకొనవచ్చును. మే నెలలో తాటిముంజలకును, మామిడిపండ్లకును ఈ సీమలో కొదవ లేదు. నిజమైన కష్టము ప్రధానోపాధ్యాయునిది. తాళపుచెవి ఆయన చేతిలో ఉన్నది, బాధ్యతయు ఆయనదే. ఏదైన జరిగినచో ఎవరు సమాధానము చెప్పవలెనను భయమే పెక్కు మంచిపనులను మొదట ఆపును. ఆ భారమును ఒక్కనిపై వేయరాదు. తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతి, విద్యాశాఖవారి అనుమతి, దారిలోని ప్రతి బడికి ముందుగా ఉత్తరము, పోలీసు ఠాణాకు సమాచారము, పిల్లల ఆరోగ్యపరీక్ష, ఇవి యన్నియు ముగిసిన పిమ్మటనే బయలుదేరవలెను. ఒక ఊరి బడి మరియొక ఊరి పిల్లలకు బస ఇచ్చినచో, ఆ ఊరి పిల్లలకు ఈ ఊరిలో బస దొరకును. ఇచ్చి పుచ్చుకొనుటలోనే భారము సగమగును.

ఉపాధ్యాయ మిత్రులారా! జూన్‌లో బడి తెరచి, గోడకు పటము తగిలించి, కృష్ణానది ఎచ్చట సముద్రములో కలియునని మీరడుగుదురు. అప్పుడు ఒక పిల్లవాడు పటము వంక చూడక, తన కాళ్లు తొక్కిన దారిని తలచుకొని చెప్పును. ఆ ఒక్క సమాధానము కొరకు అయిదు దినములు వెచ్చింపదగును. విద్యార్థులారా! మీరు మీ పంతులుగారిని అడుగుడు, మరల అడుగుడు. షిర్మన్ పంతులునకు తట్టిన తలుపు వాన వలన తట్టినది. మీ పంతులుగారి తలుపు మీరు తట్టుడు. ఈ వేసవిని చెరుకుపల్లి సీమలో ఒక్క బడి తాళమైనను తీయబడుగాక!