జోరీగ మోసుకొచ్చే జ్వరం

పిల్లలూ, కలిదిండి వైపు వెళ్ళినప్పుడు బురదగుంటల్లో ముక్కూ కొమ్ములూ మాత్రం పైకి పెట్టి పడుకున్న గేదెలను చూసే ఉంటారు. అది బద్ధకం అనుకోకండి. చల్లదనం ఒక కారణం, జోరీగల బాధ తప్పించుకోవడం మరొకటి.

దోమ సూది గుచ్చుతుంది. జోరీగ అలా కాదు, చర్మాన్ని కత్తెరతో కోసినట్టు కోసి, ఊరిన రక్తాన్ని పీలుస్తుంది. ఇంత పనీ చేసేది ఆడ జోరీగే. మగది పూలతేనెతో సరిపెట్టుకుంటుంది. మంట పుట్టగానే పశువు తోక విసురుతుంది. సగం భోజనంలో లేచిన జోరీగ పక్కనున్న పశువు మీద వాలుతుంది, మూతికి తడి ఆరని రక్తంతో సహా! ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆ రక్తంలో ట్రిపనోసోమా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. దాని ఒళ్ళంతా ఒకే కణం, పొడవు మిల్లీమీటరులో 40వ వంతు. ఇది గుర్రంలో ప్రవేశిస్తే సర్రా అనే జబ్బు వస్తుంది. జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. కాళ్ళు వాస్తాయి. మేత మేస్తూనే గుర్రం చిక్కి శల్యమవుతుంది. వైద్యం చేయించకపోతే చాలావరకు బతకదు.

జ్వరం అలా వచ్చి పోవడం ఎందుకో తెలుసా? శరీరం ఆ క్రిములను గుర్తుపట్టి చంపుతూ ఉండగానే వాటిలో కొన్ని తమ పైపొరను మార్చుకుంటాయి. నిన్న బుడబుక్కలవాడుగా వచ్చిన పగటివేషగాడు ఇవాళ సన్యాసిగా వచ్చినట్టన్నమాట! కొత్త వేషాన్ని శరీరం పోల్చుకునేలోపల అవి మళ్ళీ పెరిగిపోతాయి.

ఈ క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. ఇప్పుడు పాకిస్తానులో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ లో, జబ్బుపడిన గుర్రాల, ఒంటెల రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే అవి మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఆ రక్తం ఎక్కించిన ఆరోగ్యమైన జంతువులకూ జబ్బు వచ్చింది. అయినా పై అధికారులు నమ్మలేదు. రక్తంలో అలాంటివి ఉన్నా హాని లేదని ఆనాటి పెద్దల అభిప్రాయం! ఎవాన్స్ నూరేళ్ళు బతికి 1935లో చనిపోయాడు కనుక, తన మాట నెగ్గడం కళ్ళారా చూశాడు. ఆ క్రిమికి ఆయన పేరే పెట్టారు.

తరువాత 17 ఏళ్ళకు, 1897లో, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అది దోమలో పెరుగుతుంది. సర్రా క్రిమి జోరీగలో పెరగదు. దానికి జోరీగ మూతి మీద సవారీ మాత్రమే, అదీ కొద్ది నిమిషాలే.

మరి మన గేదె సంగతి? ఈ క్రిమి చాలాసార్లు గేదె రక్తంలో ఉంటుంది గాని, పైకి జబ్బేమీ కనిపించదు. అందుకే పెళ్ళి ఊరేగింపుకు తెచ్చిన గుర్రాన్ని గేదెల పాక పక్కన కట్టకూడదు. బాగా ఎడంగా కడితే, తోకదెబ్బ తిన్న జోరీగ అంతదూరం పోకుండా, దగ్గరున్న గేదె మీదే మళ్ళీ వాలుతుంది.