మంచు దారికి తగిన చక్రాలు: ఖరీదైన కారుకూ తప్పని జాగ్రత్త

వరి మడిలో దమ్ము చేయవలసి వచ్చినప్పుడు రైతు తన ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలిస్తాడు. పని ముగియగానే వాటిని విప్పివేసి, మరల రబ్బరు టైర్లతో రోడ్డెక్కుతాడు. బురదకు ఒక చక్రం, తారు రోడ్డుకు మరొక చక్రం అన్నది మనకు ఎవరూ నేర్పనవసరం లేని సంగతి. శీతల దేశాలలో కారుకు శీతకాలపు టైర్లు వేయించడం వెనుక ఉన్నది కూడా ఈ సూత్రమే.

హోసూరు, బళ్ళారి, రాయచూరు, రాయగడ, చంద్రపూర్, యానాం ప్రాంతాల తెలుగు ఇళ్ళ నుండి జర్మనీకి, కెనడాకు, అమెరికాకు వెళ్ళి స్థిరపడిన పిల్లలు ఉన్నారు. వారిలో కొందరు బి.ఎం.డబ్ల్యు. ఎక్స్5 వంటి పెద్ద కార్లు కొంటున్నారు. అంత ఖరీదు పెట్టి కొన్న కారుకు మరల నాలుగు చక్రాలు, నాలుగు టైర్లు ఎందుకని ఇక్కడి పెద్దలకు సందేహం కలగడం సహజం. అక్కడి పిల్లలలోనూ కొందరు, కారు నాలుగు చక్రాలతోనూ లాగుతుంది కనుక వేరే టైర్లు అనవసరమని భావిస్తారు. మనుమలు వెనుక సీటులో కూర్చుని ప్రయాణించే బండి కనుక, ఈ విషయంలోని నిజానిజాలను ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

లాగడం వేరు, ఆగడం వేరు

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఏర్పాటు వలన మంచులో కారు సులువుగా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఈ మేలు నిజమే. అయితే బ్రేకు విషయంలో ఈ ఏర్పాటు చేసే సాయం ఏమీ లేదు. చిన్న కారుకైనా, పెద్ద కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ముందునుండే ఉన్నాయి. ఆపవలసి వచ్చినప్పుడు ఆధారం టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు సుమారు అరచేయంత ఉంటుంది. రెండు టన్నులకు పైబడిన ఎక్స్5 బరువును ఆ నాలుగు అరచేతులే నిలపాలి. చక్రాలు బిగుసుకొనకుండా కాపాడే ఏ.బి.ఎస్. యంత్రాంగం కూడా ఉన్న పట్టును సక్రమంగా వాడుతుందే గాని, లేని పట్టును సృష్టించలేదు.

సులువుగా కదిలే కారు డ్రైవరుకు లేనిపోని ధైర్యాన్ని కలిగిస్తుంది. దారి ఎంత జారుడుగా ఉన్నదో బయలుదేరేటప్పుడు తెలియదు. మలుపులోనో, ఎదుటి బండి హఠాత్తుగా ఆగినప్పుడో తెలుస్తుంది.

ఏడు డిగ్రీల సరిహద్దు

వేసవి టైరులోని రబ్బరు చలికి గట్టిపడుతుంది. వాతావరణం 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు వచ్చినప్పటి నుండి దాని పట్టు తగ్గనారంభిస్తుందని సాధారణంగా లెక్కిస్తారు. కనుక మంచు పడని పొడి రోడ్డు మీద కూడా చలి ప్రభావం ఉంటుంది. శీతకాలపు టైరులోని రబ్బరు మిశ్రమం అంతటి చలిలోనూ మెత్తదనాన్ని కోల్పోదు. దాని గాళ్ళు లోతుగా ఉండి మంచును పట్టి ఉంచుతాయి. మంచును మంచు పట్టుకొనే గుణం ఇక్కడ ఉపయోగపడుతుంది. టైరు పైభాగాన ఉండే వందలాది సన్నని చీలికలు నేలను తాకినప్పుడు విచ్చుకొని, వాటి అంచులు జారుడు నేలను గీరి పట్టుకుంటాయి.

ఈ విద్యకు పుట్టినిల్లు ఫిన్లాండు. తొలి శీతకాలపు టైరును అక్కడి నోకియా పట్టణంలోని కర్మాగారం 1934లో లారీల కోసం తయారు చేసింది.

గుర్తులు, చట్టాలు

టైరు పక్కభాగాన మూడు శిఖరాల పర్వతం, దాని నడుమ మంచు రేకు ఉన్న గుర్తు కోసం చూడాలి. మంచు మీద నిర్ణీత పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు లభిస్తుంది. ‘ఎం+ఎస్’ అన్న అక్షరాలకు అటువంటి పరీక్ష అవసరం లేదు. గాళ్ళ అమరికను బట్టి తయారీదారు వాటిని ముద్రించుకోవచ్చు. అన్ని కాలాలకూ పనికివస్తుందని అమ్మే టైర్లలో అనేకం ఈ అక్షరాలతో మాత్రమే వస్తాయి.

జర్మనీలో మంచు, గడ్డకట్టిన నీరు ఉన్న రోడ్డుపై తగిన టైర్లు ఉండాలన్న స్పష్టమైన నిబంధన 2010 డిసెంబరులో వచ్చింది. 2024 అక్టోబరు 1 నుండి అక్కడ పర్వతపు గుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి. ఉల్లంఘించినవారికి 60 యూరోల జరిమానాతో పాటు లైసెన్సు ఖాతాలో ఒక పాయింటు నమోదవుతుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో నిర్బంధం లేదు గాని, వాటిని వేయించుకున్నవారికి బీమా సంస్థలు రుసుములో తగ్గింపు ఇవ్వాలన్న నియమం 2016 నుండి అమలులో ఉన్నది.

పెద్ద చక్రమా, చిన్న చక్రమా?

2018లో వచ్చిన ఎక్స్5 తరాన్ని ఉదాహరణగా తీసుకుందాము. దీనికి వేసవిలో 21 అంగుళాల చక్రాలు వేసినప్పుడు ముందు టైరు కొలత 275/40, వెనుక టైరు కొలత 315/35గా ఉంటుంది. చూపులకు హుందాగా ఉన్నా, మంచుకు ఇవి అనుకూలం కావు. శీతకాలానికి నాలుగు చక్రాలకూ ఒకే విధమైన 265/50 కొలతతో 19 అంగుళాల చక్రాలు మేలైన ఎంపిక.

ఈ అంకెలలో మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. రెండవది ఆ వెడల్పులో పక్కభాగపు ఎత్తు ఎంత శాతమో తెలుపుతుంది. లెక్క కట్టి చూస్తే 21 అంగుళాల ముందు చక్రం టైరుతో కలిపి సుమారు 753 మిల్లీమీటర్లు, 19 అంగుళాలది సుమారు 748 మిల్లీమీటర్లు. తేడా నూటికి ఒకటి కూడా లేదు గనుక వేగం చూపే ముల్లులో చెప్పుకోదగిన మార్పు రాదు. కాని పక్కభాగపు ఎత్తు 110 నుండి 132 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. మంచు కప్పిన గుంతలో పడినప్పుడు ఆ అదనపు రబ్బరే రిమ్మును కాపాడుతుంది. వెడల్పు తగ్గిన టైరు మెత్తని మంచును చీల్చుకొని నేలను అందుకుంటుంది. పైగా నాలుగూ ఒకే కొలత కనుక ముందువి వెనుకకు మార్చి సమంగా అరిగించవచ్చు. ధర కూడా సాధారణంగా తక్కువ.

కొలత తరువాత వచ్చే 110హెచ్ వంటి గుర్తునూ విస్మరించరాదు. 110 అంటే ఒక టైరు 1060 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని అర్థం. బరువైన కారుకు తక్కువ అంకె ఉన్న టైరు వేయడం ప్రమాదకరం.

పాత చక్రాలు కొనేవారికి

రిమ్ములను పాతవిగా కొనేవారు బోల్టుల అమరికను ముందుగా పరిశీలించాలి. 2018కి ముందటి ఎక్స్5లలో ఐదు బోల్టులు 120 మిల్లీమీటర్ల వలయంపై ఉండగా, తరువాతి వాటిలో ఆ వలయం 112 మిల్లీమీటర్లకు మారింది. పేరు ఒకటే అయినా పాత తరం చక్రం కొత్త కారుకు పట్టదు. బోల్టులు కుదిరినా నడిమి రంధ్రం, చక్రం లోపలికీ వెలుపలికీ నిలిచే దూరం, బ్రేకుల పరిమాణం కూడా సరిపోవాలి. పెద్ద బ్రేకులు గల రకాలకు చిన్న రిమ్ములు ఎక్కవు. కారు తయారీదారు అనుమతించిన కొలతల జాబితాను చూచి కొనడమే సురక్షితం.

టైరుపై నాలుగంకెల తేదీ ఉంటుంది. 3523 అని ఉంటే అది 2023వ సంవత్సరపు 35వ వారంలో తయారైనదని తెలుసుకోవాలి. గాళ్ళ లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే మంచులో దాని పని అయిపోయినట్లే. ఆస్ట్రియాలో ఈ హద్దును చట్టమే విధించింది. రెండు కొత్తవి, రెండు పాతవి కలిపి వేయడం తగదు. నాలుగూ ఒకే రకంగా ఉండాలి.

చలి 5, 6 డిగ్రీలు పెరిగిన కొద్దీ టైరులో గాలి సుమారు ఒక పౌను తగ్గుతుంది. కనుక శీతకాలంలో నెలకొకసారైనా గాలి చూడాలి. చక్రాలు మార్చిన తరువాత 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగి, బోల్టుల బిగింపును మరల సరిచూడాలి.

మన దేశానికీ ఈ విషయంతో సంబంధం లేకపోలేదు. ఐరోపాలో శీతకాలపు టైర్లు అమ్మే నెదర్లాండ్స్ సంస్థ వ్రెడెస్టైన్‌ను 2009లో కొన్నది అపోలో టైర్స్. ఆ సంస్థ 2020లో తమిళనాడు సరిహద్దుకు చేరువనున్న చిన్నపాండూరులోనూ కర్మాగారం ప్రారంభించింది. అయితే మన మైదానాలలో శీతకాలపు టైర్ల వలన లాభం లేదు. ఎండకు అవి మరీ మెత్తబడి త్వరగా అరుగుతాయి, బ్రేకు దూరమూ పెరుగుతుంది. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కినట్లే అవుతుంది.

జర్మనీలో అక్టోబరు నుండి ఈస్టరు వరకు ఈ టైర్లు ఉంచడం వాడుక. కనుక దసరా పండుగకు పిల్లలు ఫోను చేసినప్పుడు మూడు మాటలు అడగండి. చక్రాలు మార్చారా? టైరుపై పర్వతపు గుర్తు ఉన్నదా? గాళ్ళు 4 మిల్లీమీటర్లకు తగ్గలేదు గదా? కారు ఎంత ఖరీదైనదన్న ప్రశ్న కన్నా ఈ మూడింటికి వచ్చే సమాధానమే వారి క్షేమానికి అవసరం.